పాచి బతికే రంగు

మోరిస్‌విల్‌లో మా అమ్మాయి ఇంటికి వెళ్లిన మూడో వారంలో కాలనీ సంఘం నుంచి ఒక నోటీసు వచ్చింది. ఇంటి వెనక గోడకి పాచి పట్టి పచ్చబడిందనీ, వెంటనే శుభ్రం చేయించాలనీ దాని సారాంశం. అమ్మాయి ఆ కాగితాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటించి, "వీకెండ్ ఎవరినైనా పిలుస్తాన్లే నాన్నా" అని ఆఫీస్‌కి వెళ్లిపోయింది. అల్లుడు సోమవారం విమానం ఎక్కితే గురువారం గానీ దిగడు. అది అమెరికాలో ఉద్యోగాలు టపటపా ఊడుతున్న ఏడాది. ఇద్దరూ తలెత్తకుండా పనిచేస్తున్నారు. ఇంట్లో తీరిగ్గా ఉన్నది నేనూ మా ఆవిడా.

ఆ నోటీసు చదవగానే నాకు పెళ్లి శుభలేఖ అందినంత సంబరం వేసింది. ఎందుకంటే పాచి నా వృత్తి. విశాఖపట్నంలో ఒక రంగుల ఫ్యాక్టరీలో ముప్ఫై మూడేళ్లు కెమిస్టుగా పనిచేశాను. సముద్రం పక్క ఊరు, ఏడాదిలో సగం తేమ. గోడకి ఏ రంగు వేసినా రెండు వానలకి పచ్చబడేది. ఫ్యాక్టరీ మేడ మీద ఇనుప చట్రాలు పెట్టి, రంగు పూసిన పలకలు వరసగా బిగించి, నెలకోసారి ఎక్కి ఏ పలకకి ఎంత పాచి పట్టిందో చూసి రాసుకోవడం నా పని. ఏ మందు ఎంత కలిపితే పాచి చస్తుందో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. రిటైరయ్యాక రెండేళ్లుగా ఎవరూ నన్ను నిద్రలోనే కాదు, మెలకువలో కూడా ఏమీ అడగలేదు.

గరాజ్‌లో నిచ్చెన ఉంది. బట్టలుతికే గదిలో బ్లీచ్ ఉంది. మా ఆవిడ నిచ్చెన పట్టుకుంది. నేనెక్కి, నాలుగో మెట్టు మీద నిలబడి రుద్దడం మొదలుపెట్టాను. ఆ ఊళ్లో ఇళ్ల గోడలకి బయటవైపు ప్లాస్టిక్ పలకలు తొడుగుతారు. ఎండ తగలని వైపు వాటి మీద పాచి చక్కగా, తివాచీ పరిచినట్టు పెరిగింది. రెండు పలకలు తెల్లబడ్డాయో లేదో, వెనక నుంచి ఎవరో ఇంగ్లీషులో గట్టిగా కేకేశారు.

"ఆగండి! ప్లీజ్, ఒక్క నిమిషం ఆగండి!"

వెనకింటావిడ. యాభై దాటి ఉంటాయి. పొట్టిగా కత్తిరించిన నెరసిన జుట్టు, మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు, చేతిలో కుక్క తాడు. నేనేదో నేరం చేస్తున్నాననుకుని గబగబా నిచ్చెన దిగాను. ఆవిడ కుక్కని మా ఆవిడకి అప్పగించి, ఇంట్లోకి పరిగెత్తి ఒక చెంచా, మూత ఉన్న డబ్బా తెచ్చి, నేను రుద్దని చోట గోడ మీది పాచిని పెరుగు మీగడ తీసినంత జాగ్రత్తగా గీకి డబ్బాలో వేసుకుంది. మా ఆవిడ జీవితంలో కుక్కని పట్టుకోవడం అదే మొదటిసారి. తాడున్న చేతిని దూరంగా చాచి, తను కళ్లు మూసుకుని నిలబడింది.

"ఎవరూ నీళ్లు పోయకుండా, ఎరువు వేయకుండా ఇది ఈ ప్లాస్టిక్ మీద ఎన్ని వేసవులు బతికిందో!" అంది వెనకింటావిడ. "మీరు చంపుతున్న దాన్ని బతికించడమే నా ఉద్యోగం."

ఆవిడ మాటలన్నీ నా తెలుగులో చెబుతున్నాను. ఆవిడ యాస నాకు అలవాటవడానికి ఓ వారం పట్టింది.

దగ్గర్లోని రీసెర్చ్ పార్క్‌లో ఒక ప్రయోగశాలలో ఆవిడ శాస్త్రవేత్త. సూక్ష్మమైన నాచు కణాల్ని రంగులాంటి పదార్థంలో కలిపి, కాగితమంత పలచని పొరగా పూసి, ఆ పొర లోపల వాటిని బతికించాలని చూస్తోంది. బతికితే అవి వెలుతురు తగిలినంతసేపూ కిరణజన్య సంయోగక్రియ చేసుకుంటూ, మేం చిన్నప్పుడు బడిలో బొగ్గుపులుసు వాయువు అని చదువుకున్న కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చేస్తాయి. చెరువులో నాచు పెంచితే బోలెడన్ని నీళ్లు కావాలి, ఎప్పుడూ కలియబెడుతూ ఉండాలి. పొరలో అయితే కొంచెం తడి చాలు. అలాంటి రేకులు ఫ్యాక్టరీ పొగ వచ్చే చోట వరసగా వేలాడదీయవచ్చని ఆవిడ ఆశ.

"మరి బతుకుతున్నాయా?" అని అడిగాను.

"ఒక్క రోజు. రెండో రోజుకి తెల్లబడి చచ్చిపోతాయి."

నేనెవరో, ముప్ఫై మూడేళ్లు ఏం చేశానో చెప్పాను. ఆవిడ మొదట నవ్వింది. తర్వాత నవ్వు ఆపి నన్ను పైనుంచి కిందికి చూసింది.

"రంగుల కెమిస్టా? నిజంగా? మా ల్యాబ్‌లో అందరం నాచు గురించి తెలిసినవాళ్లమే. రంగు గురించి తెలిసినవాళ్లు ఒక్కరు కూడా లేరు."

ఆ సాయంత్రం ఈ సంగతి చెబితే మా అమ్మాయి కంగారుపడింది.

"నాన్నా, విజిటర్ వీసా మీద వచ్చి వర్క్ చేయకూడదు. ప్రాబ్లమ్ అవుతుంది."

"పనెక్కడే! ఊరికే చూసొస్తాను."

"నువ్వు ఊరికే చూడవు. నాకు తెలుసు."

అమ్మాయే వెళ్లి వెనకింటావిడతో మాట్లాడింది. చివరికి ఒప్పందం కుదిరింది. నేను అతిథిగా వస్తాను, మెడలో అతిథి అని రాసిన అట్టముక్క వేసుకుంటాను, స్టూలు మీద కూర్చుంటాను, దేన్నీ ముట్టుకోను. మా ఆవిడ మాత్రం పడీ పడీ నవ్వింది. "పెళ్లయినప్పటి నుంచీ పాచిని చంపుతున్నానని గొప్పలు చెప్పి, ఇప్పుడు దానికి పాలు పోయడానికి వెళ్తున్నారా?" అంది. అప్పటి నుంచి మా ఇంట్లో వెనకింటావిడ పేరు పాచి ప్రొఫెసరమ్మ.

మంగళవారం పొద్దున్న ప్రొఫెసరమ్మ తన కార్లో తీసుకెళ్లింది. ల్యాబ్‌లో గాజు జాడీలు వరసగా ఉన్నాయి. ఒక్కో జాడీలో రంగు పూసిన చిన్న పట్టీ, పైన దీపం, మూతలోంచి ఒక తీగ కంప్యూటర్ దాకా. జాడీలోని గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఎంతుందో తెర మీద గీత చూపిస్తుంది. నాచు పనిచేస్తే గీత కిందికి దిగాలి. ఏ తెర మీద చూసినా గీత ఇస్త్రీ చేసినట్టు తిన్నగా ఉంది.

కణాలు కలిపే తెల్లటి ద్రవం ఏదని అడిగాను. డబ్బా చూపించింది. మూత తీయమన్నాను, నేను ముట్టుకోకూడదు కదా. తీసింది. మెడ చాచి వాసన చూశాను. ముందు అమ్మోనియా గుప్పుమంది. అది ఎవరికైనా తెలుస్తుంది. దాని కింద ఇంకొకటి ఉంది, కళ్ల మూలల్లో చురుక్కుమనేది. ఆ చురుకుని నేను ముప్ఫై మూడేళ్లు పీల్చాను.

"ఇందులో మందుంది" అన్నాను.

"ఉండదు. మందు లేనిదే కావాలని ప్రత్యేకంగా అడిగి తెప్పించాను."

"డబ్బాలో సరుకు కుళ్లకుండా కొంచెం వేస్తారమ్మా. అందరూ వేస్తారు. అడిగితే లేదంటారు. మేమూ అలాగే అనేవాళ్లం."

ఆవిడ అక్కడికక్కడే సరఫరా చేసిన వాళ్లకి ఫోన్ చేసింది. అటువైపు ఎవరో చాలాసేపు నసిగి, ఉందని ఒప్పుకున్నారు, చాలా కొంచెమేనట. ప్రొఫెసరమ్మ ఫోన్ పెట్టేసి, నా వైపు తిరిగి, "మీ ముక్కుని కూడా ప్రయోగశాల పరికరాల జాబితాలో రాసుకోవాలి" అంది. ఆ రోజు ఇంటికి వచ్చి భోజనంలో రెండోసారి పప్పు వేయించుకున్నాను.

ఆ ద్రవాన్ని పలచని పొర సంచుల్లో పోసి, మూడు రోజులు నీళ్లు మారుస్తూ నానబెడితే మందు బయటికి వచ్చేసింది. కొత్త పట్టీలు పూశారు. ఈసారి రెండో రోజు కూడా పచ్చగానే ఉన్నాయి. మూడో రోజు, నాలుగో రోజు కూడా. కానీ తెర మీద గీత మాత్రం కదల్లేదు. నాచు బతికే ఉంది, గాలి మాత్రం పీల్చడం లేదు.

సూక్ష్మదర్శినిలో చూస్తే పొర లోపల కణాలు పచ్చగా, గాజులో పొదిగిన రాళ్లలా కనిపించాయి. పట్టీని దీపం కింద అటూ ఇటూ తిప్పమన్నాను. నిగనిగలాడింది. ఒక్క చిల్లు లేదు, ఒక్క పగులు లేదు. ఫ్యాక్టరీలో అయితే ఆ పలకని చట్రం కట్టి గోడకి తగిలించేవాళ్లం.

"పొర చాలా బాగుంది" అన్నాను.

"అయితే?"

"అదే లోపం. నీళ్లు చొరకుండా, గాలి చొరకుండా గోడని కాపాడాలని చేసిన సరుకు ఇది. మీ నాచుని కూడా అలాగే కాపాడుతోంది."

ఎమల్షన్ రంగు సంగతి ఇది. పాలలా కనిపించే ఆ ద్రవంలో కంటికి కనపడని ప్లాస్టిక్ రేణువులు తేలుతుంటాయి. నీళ్లు ఆరేకొద్దీ అవి దగ్గరికి జరిగి, ఒకదాన్నొకటి అదుముకుని, మెత్తబడి, ఒకే పొరగా కలిసిపోతాయి. అలా కలిసిపోతేనే మంచి రంగు. ప్రొఫెసరమ్మకి కావాల్సింది సగం కలిసి సగం విడిగా ఉండే రంగు. పట్టుకోవాలి, కానీ సందులుండాలి. అంటే సుబ్బరంగా చెడిపోయిన రంగు. మంచి రంగు ఎలా చేయాలో నాకు తెలుసు. చెడ్డ రంగుని కావాలని ఎలా చేస్తారు?

నాలుగు రోజులు ఆలోచించాను. కంచంలో అన్నం కలుపుతూ కూడా ఆలోచిస్తుంటే మా ఆవిడ అడిగింది. అంతా చెప్పాను. ఆమె చారు గిన్నె కింద పెట్టి, చాలా మామూలుగా అంది.

"శాలువా సంగతి ఆవిడకి చెప్పారా?"

నా చెయ్యి కంచంలో ఆగిపోయింది.

ఫ్యాక్టరీ బయట ఆ శాలువా సంగతి మా ఇద్దరికే తెలుసు. ఉద్యోగంలో చేరిన ఆరో ఏట నేను సంతకం పెట్టి పంపిన ఒక లాటు రంగు ఉత్తరాదిన ఒక కొండ ఊరికి వెళ్లింది. అక్కడ ఒక సత్రం గోడలకి చలికాలంలో పూశారు. ఆ చలికి రేణువులు మెత్తబడలేదు. నీళ్లు ఆరిపోయాయి, పొర మాత్రం కట్టలేదు. గోడంతా సుద్దపొడి. ఆనుకున్న ప్రతివాడి వీపూ తెల్లబడింది. ఆ సత్రం యజమాని ఉత్తరం రాయలేదు, ఒక నల్ల శాలువా పార్సిల్ చేశాడు. వీపు మీద మనిషి ఆనుకున్న ముద్ర తెల్లగా, అచ్చు పోసినట్టుంది. మా మేనేజరు దాన్ని అందరి ముందూ విప్పి, దులిపి, "దీన్ని పరీక్షించింది ఎవరు?" అని అడిగాడు. పరీక్షించింది నేనే. విశాఖపట్నం ఎండలో పరీక్షించాను, అద్దంలా వచ్చింది. చలి అనేదొకటి ఉంటుందని నాకు తట్టలేదు. మూడు నెలల పాటు క్యాంటీన్లో నన్ను చూస్తే చాలు, ఎవడో ఒకడు ఉత్తినే భుజాలు దులుపుకునేవాడు.

"ముప్ఫై మూడేళ్లలో చేసిన మంచి రంగులన్నీ వదిలేసి, ఆ శాలువా గురించి చెప్పమంటావా?" అన్నాను.

"ఆవిడకి కావలసింది చెడ్డ రంగే అన్నారుగా. మీరు చేసిన చెడ్డ రంగు అదొక్కటేగా" అంది మా ఆవిడ, చారు వడ్డిస్తూ.

మర్నాడు కార్లో చెప్పాను. సిగ్గుపడుతూ, మధ్యలో ఇంగ్లీషు మాటలు వెతుక్కుంటూ చెప్పాను. ఆవిడ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. ల్యాబ్ ముందు కారు ఆపి, ఇంజను కట్టేసి, "అక్కడ ఎంత చలి ఉండేది?" అని అడిగింది.

ఆ వారం పట్టీల్ని వెచ్చటి బల్ల మీద కాకుండా చల్లని గదిలో ఆరబెట్టారు. మర్నాడు చూస్తే నిగనిగ పోయి పట్టీలు బూడిద గుమ్మడికాయలా మాసినట్టున్నాయి. అదే సుద్ద. జాడీలో పెట్టి కొంచెం తడి తగిలించగానే పొర మొత్తం ముక్కలై అడుగున పడింది. ప్రొఫెసరమ్మ చేత్తో భుజం దులుపుకుని నా వైపు చూసి కన్ను గీటింది. ఇన్నేళ్ల తర్వాత ఆ సైగకి నేను మొదటిసారి నవ్వాను.

మరీ చలి అయితే పొడి. వెచ్చగా ఉంటే అద్దం. ఈ రెంటి మధ్య ఎక్కడో మాకు కావాల్సిన చోటుంది. దాన్ని వెతకడానికి అయిదు వారాలు పట్టింది. రోజూ గది వేడి కొంచెం పెంచడం, ఆరబెట్టడం, తడి చేయడం, రాలిందా లేదా చూడటం. మెత్తటి రేణువుల్లో కాసిని గట్టివి కలిపి చూద్దామన్నాను, గట్టివి కరగవు కాబట్టి వాటి చుట్టూ సందులు మిగులుతాయి. ఎంత కలపాలో నాకు నోటికి రాదు, చేత్తో కలిపితే తెలుస్తుంది. స్టూలు మీద కూర్చుని, గాల్లో వేళ్లు కదుపుతూ, "ఇంకొంచెం, ఇంకొంచెం, చాలు" అనేవాణ్ణి. ఆవిడ కలిపి, తూకం వేసి, రాసుకునేది. సంగీతం చెప్పే మాస్టారిలా ఉన్నానని ఒకసారి అంది.

మా తిరుగు ప్రయాణానికి పన్నెండు రోజులుందనగా, ఒక గురువారం మధ్యాహ్నం, తెర మీద గీత కిందికి వంగింది.

మొదట ఇద్దరం నమ్మలేదు. జాడీ మూత సరిగ్గా పట్టలేదేమో అన్నాను. ఆవిడ మూత బిగించి, దీపం ఆపేసింది. గీత నెమ్మదిగా పైకి లేచింది. చీకట్లో నాచు కూడా మనలాగే ఊపిరి వదులుతుంది. మళ్లీ దీపం వేసింది. గీత మళ్లీ దిగడం మొదలుపెట్టింది. అలా మూడుసార్లు చేశాం. మూడోసారి ఆవిడ స్విచ్ మీంచి చెయ్యి తీసి, ఆ చేతినే నాకు అందించింది. ఇద్దరం చేతులు కలిపి అలా ఊపుతూనే ఉన్నాం, ఎవరు ముందు వదలాలో తెలియలేదు.

ఇంటికి ఫోన్ చేసి మా ఆవిడతో, "గీత కిందికి దిగింది" అన్నాను.

"ఏ గీత? ఎవరామె?" అంది.

శనివారం ప్రొఫెసరమ్మ మా వాళ్లందర్నీ ల్యాబ్‌కి పిలిచింది. మా ఆవిడ పులిహోర చేసి తెచ్చింది. దాన్ని లోపలికి తేనివ్వరని బయట బల్ల మీద పెట్టాల్సి వచ్చింది. మా అమ్మాయి జాడీ ముందు వంగి చాలాసేపు చూసింది. తన ఉద్యోగంలో రోజంతా తెర మీద గీతలు చూసే పిల్లే, కానీ ఈ గీత దగ్గర్నుంచి కదల్లేదు. ప్రొఫెసరమ్మ దాని వెనక కథంతా చెప్పింది, వాసన సంగతి, చలి సంగతి, శాలువా సంగతి కూడా. నేను గోడ వైపు తిరిగాను.

కారెక్కాక అమ్మాయి అంది. "నాన్నా, చిన్నప్పుడు నువ్వు ఇంటికొస్తే టర్పెంటైన్ వాసనొచ్చేది. స్కూల్లో ఎవరైనా మీ నాన్న ఏం చేస్తారంటే పెయింట్ కంపెనీ అనేదాన్ని. లోపల నువ్వు ఏం చేసేవాడివో ఒక్కసారి కూడా అడగలేదు."

"అడిగితే ఏం చెప్పేవాణ్ణే! పాచి లెక్కపెడతానని చెప్పేవాణ్ణా?"

"ఇప్పుడు చెప్పు. ఫస్ట్ నుంచి."

ఇంటికి పదిహేను నిమిషాల దారి. ఆ రోజు ఆ పిల్ల ఇంటిని దాటేసి, ఊరు చుట్టూ రెండుసార్లు తిప్పింది. వెనక సీట్లో మా ఆవిడ నిద్రపోయింది.

మేం విశాఖపట్నం తిరిగి వచ్చాక ప్రొఫెసరమ్మ నుంచి ఉత్తరాలు వచ్చేవి, కంప్యూటర్లో. ఆ పట్టీ ఆరు వారాలు బతికిందని రాసింది. బయట ఎండలో పెట్టిన పట్టీలు మాత్రం వారానికే పోయాయి. మధ్యాహ్నం వేడికి రేణువులు మెత్తబడి సందులు పూడుకుపోయాయట. నేను రాసిన జవాబులో గట్టి రేణువులు పెంచమన్నాను. పెంచితే వానకి రాలాయి. ఇలా ఒక మెట్టు ఎక్కడం, అర మెట్టు జారడం. ప్రపంచంలో పొగ గొట్టాలు ఎక్కడివక్కడే ఉన్నాయి, మా పట్టీ వల్ల వాటిలో ఒక్కటి కూడా చల్లబడలేదు. ఆవిడ ఆ మాట దాచేది కాదు. "మనం ఇంకా అరచేతంత పట్టీ దగ్గరే ఉన్నాం" అని రాసేది. మనం అన్న మాట దగ్గర నేను ప్రతిసారీ ఆగి మళ్లీ చదువుకునేవాణ్ణి.

నాలుగేళ్లకి ఆవిడ వేరే రాష్ట్రంలో పెద్ద ల్యాబ్‌కి మారింది. ఒక ఆదివారం పొద్దున్న కంప్యూటర్లో పిలిచింది. జుట్టు పూర్తిగా తెల్లబడింది. వెనకాల తలుపంత రేకు ఉంది, కొత్త అరటాకు రంగులో. చిన్న పట్టీల మీద గాజు కడ్డీతో పూయడం తేలికేనట, ఇంత పెద్ద దాని మీద పూస్తే ఒకచోట మందం, ఒకచోట పలచన అవుతోందట. బ్రష్‌తో మామూలు పెయింటర్ పూసేలా ఉండాలి, మనిషి చెయ్యి ఎలా కదులుతుందో చూపించగలరా అని అడిగింది.

మా ఆవిడని పిలిచి ల్యాప్‌టాప్ పట్టుకుని నిలబడమన్నాను. వరండాలోంచి నాలుగంగుళాల బ్రష్ తెచ్చి, బకెట్లో నీళ్లలో ముంచి, హాల్లో గోడ మీద మొదలుపెట్టాను. ముందు అడ్డంగా, తర్వాత నిలువుగా, చివర్లో బరువు వేయకుండా కింద నుంచి పైకి ఒక్క పూత.

"అది మళ్లీ చేయండి. చివరిది, నెమ్మదిగా" అంది తెరలోంచి ప్రొఫెసరమ్మ.

"ఏవండీ, ఆవిడ చూసేది మీ చెయ్యి. నా చెయ్యి నొప్పెడుతోంది, తొందరగా వేయండి" అంది మా ఆవిడ.

నేను బ్రష్ మళ్లీ నీళ్లలో ముంచాను.